జువ్వివంక మీద చెక్‌డ్యాం

తన కొట్లో అమ్మిన వస్తువును ఎవరైనా తిడితే ప్రదీప్‌కుమార్‌కు కడుపున పుట్టిన బిడ్డను తిట్టినంత కోపం వచ్చేది. కర్నూలు బజారులో వాళ్ల నాయన రామకోటయ్య ఇత్తడి, స్టీలు పాత్రలు అమ్మినన్నాళ్లు ఈ జబ్బు ఆ ఇంట లేదు. బిందె కారుతోందని ఎవరైనా తెస్తే పెద్దాయన మారుమాటాడకుండా ఇంకో బిందె ఇచ్చి పంపేవాడు. కొడుకు పాత్రలన్నీ వెనక గదిలోకి నెట్టి క్యాలిక్యులేటర్లు, సర్వే సామాన్లు పెట్టాడు. ఆ పైన చేతిలో పట్టుకొనే జీపీఎస్ మిషన్లు తెప్పించాడు. వస్తువు పనిచేయడం లేదని ఎవరైనా వస్తే, తప్పు వస్తువుది కాదు, కొన్నవాడిదని రుజువు చేసేదాకా వాణ్ణి మెట్లు దిగనిచ్చేవాడు కాదు.

2006 ఎండాకాలంలో ఒక పొద్దున ఆ కొట్టుకు ఫోను వచ్చింది. జిల్లాకు పడమటి పక్కనున్న ఒక వాటర్‌షెడ్ ఆఫీసు నుంచి డిప్యూటీ ఇంజనీరు (డి.ఇ.) ఉమామహేశ్వర మాట్లాడాడు. వాన నీళ్లు నిలవడానికి వంకల మీద చెక్‌డ్యాములు కట్టించడం ఆయన పని. కట్టిన ప్రతి డ్యామూ భూమ్మీద ఎక్కడుందో అక్షాంశ రేఖాంశాలతో సహా రాసిపెట్టాలని ఆ యేడే హైదరాబాదు నుంచి ఉత్తర్వు వచ్చింది. అందుకోసమే ప్రదీప్‌కుమార్ దగ్గర ఒక జీపీఎస్ మిషను కొన్నారు.

"ఏమప్పా ప్రదీపూ, నువ్వు అంటగట్టిన మిషను అబద్ధాలు చెప్తాండాది."

"నా మిషనా సార్? అబద్ధమా?"

"నీదే. హైదరాబాదు నుంచి తనిఖీ ఆఫీసరు వచ్చినాడు. మేం రాసిచ్చిన నంబర్లు తన మిషన్లో కొట్టుకోని జువ్వివంక కాడికి పోయినాడు. ఆడ డ్యాము లేదంట. ఇసుక ఉండాదంట. ఒక బర్రె ఉండాదంట. మా మిషను చెడిపోయింది సార్ అని చెప్పి అప్పటికి పంపించినా. మళ్లీ వస్తాడు. నువ్వొచ్చి చూసి, చెడిపోయిందని ఒక కాగితం రాసియ్యి."

ఈ మాటల్లో డ్యాము లేదన్న ముక్క ఉంది. బర్రె కూడా ఉంది. ప్రదీప్‌కుమార్ చెవికెక్కింది మాత్రం 'చెడిపోయింది' అన్న ఒక్క మాటే. భార్య శ్రీవాసవి ఇడ్లీలు పెట్టుకొచ్చేలోగా ఆయన బస్టాండులో ఉన్నాడు.

ఆఫీసులో ఆయన కోసం తేజేశ్వర్ ఎదురుచూస్తున్నాడు. డ్యాముల కొలతలు రాసే కుర్ర ఇంజనీరు అతను. మిషను తీసి బల్ల మీద పెట్టి, దెయ్యాన్ని చూపించినట్టు చూపించాడు. బల్ల మీద కదలకుండా ఉన్న మిషను, గంటకు ఇన్ని కిలోమీటర్ల వేగంతో ఈశాన్యంగా నడిచిపోతున్నానని తెర మీద చెప్పుకుంటోంది.

"సూడండన్నా. కూచున్నకాడ్నే కూచోని ఊర్లు తిరుగుతాంది."

పక్క బల్ల గుమాస్తా అదేం వింత కాదన్నాడు. టి.ఎ. బిల్లులు రాసేటప్పుడు ఆ ఆఫీసులో అందరూ చేసే పనేనట.

ప్రదీప్‌కుమార్ నవ్వలేదు. మిషను చేతిలోకి తీసుకుని రెండు మీటలు నొక్కాడు. "ఎవరు పెట్టినారు దీన్ని డెమోలో? ఇది కొట్లో చూపించడానికి పెట్టే ఆట. ఉపగ్రహాలతో మాట్లాడకుండా తనంతట తాను తిరుగుతాది. మీరు నొక్కకూడనిది నొక్కి మిషనును తిడతాండారు."

తర్వాతి ఫిర్యాదు, మిషను వెనకబడుతోందని. జీపు ఊరు దాటి రెండో మలుపు తిరిగినా తెర మీద బాణం గుర్తు ఇంకా పోలీస్ స్టేషన్ దగ్గరే నిలబడి ఉంటుందట. ప్రదీప్‌కుమార్ జీపు ఎక్కి కూర్చుని, మిషను ఎక్కడ పెట్టేవాళ్లో చూపించమన్నాడు. తేజేశ్వర్ గేరు పక్కన, టిఫిన్ క్యారియర్‌కు కూజాకు మధ్య చోటు చూపించాడు.

"పైన ఇనుప కప్పు. పక్కన స్టీలు క్యారియరు. ఉపగ్రహం ఆకాశంలో ఉంటాదప్పా, నీ చిత్రాన్నంలో ఉండదు. దానికి ఆకాశం కనపడాల."

అంతటితో వదల్లేదు. లోపల బ్యాటరీ పొదుపు పెట్టి ఉందని కనిపెట్టాడు. అలా పెడితే మిషను ఒక కునుకు తీసి, లేచి ఎక్కడున్నానో చూసుకుని, మళ్లీ కునుకు తీస్తుంది. అది లేచేసరికి జీపు ముందుకెళ్లిపోయి ఉంటుంది. పొదుపు తీసేశాడు. సెల్లులు చూస్తే గోడ గడియారంలోవి పీకి వేసినవి. తన సంచిలోంచి కొత్తవి తీసి వేశాడు. ఆఫీసు ముందు మైదానంలో నిలబడి, పక్కన ఎత్తు గోడ ఉంటే సిగ్నలు దాన్ని తగిలి తిరిగొచ్చి లెక్క తప్పిస్తుందని, కాబట్టి గోడకు దూరంగా రమ్మని తేజేశ్వర్‌ను ఎండలోకి లాక్కుపోయాడు. బాణం గుర్తు వాళ్ల అడుగులతో పాటు అడుగు వేసింది.

డి.ఇ. బయటికి వచ్చి అడిగాడు. "ఏమైంది?"

"బాగైంది సార్."

"పూర్తిగానా?"

"పూర్తిగా. ఇంక ఐదారు మీటర్లకు మించి తప్పదు."

ఉమామహేశ్వర ముఖం చావు కబురు విన్నట్టు అయింది. ప్రదీప్‌కుమార్ దాన్ని ఆశ్చర్యం అనుకున్నాడు. "నమ్మకం లేకపోతే జువ్వివంకకే పోదాం పదండి సార్. మిషన్నే చెప్పనీండి," అన్నాడు.

తేజేశ్వర్ కళ్లతోనే వద్దన్నాడు. ప్రదీప్‌కుమార్ జీపెక్కేశాడు.

జువ్వివంక రేగడిగుంతపల్లె పక్కనుంచి పోతుంది. వానాకాలం నాలుగు రోజులు పారి, మిగతా యేడంతా ఇసుక పరచుకుని పడుకునే వంక. మిషను చెప్పినట్టు నడిచి ప్రదీప్‌కుమార్ ఇసుక మధ్యలో ఒకచోట ఆగాడు. అందరినీ ఆగమన్నాడు. వెంటనే చదివితే చాలదని, కాసేపు కదలకుండా నిలబడితే మిషను అన్ని లెక్కలూ కలిపి సగటు తీస్తుందని, అప్పుడే అసలు చోటు తేలుతుందని చెప్పాడు. మండుటెండలో డి.ఇ., ఇంజనీరు, డ్రైవరు పెళ్లిలో ఫోటోకు నిలబడ్డట్టు నిలబడ్డారు.

"ఇదే సార్. సందేహమే లేదు. మీరు రాసిచ్చిన చోటు ఇదే."

అక్కడ ఇసుక ఉంది. బర్రె ఆ రోజు రాలేదు.

గట్టు మీద కంపచెట్టు నీడలో మేకలు కాస్తున్న సుంకమ్మ ఇదంతా చూస్తోంది. ఆమెది ఆ ఊరే. ఏభై దాటిన మనిషి, గట్టి గొంతు. ఊళ్లో పంచాయతీలు ఆమె మాట వినకుండా తెగవు. ఆమె భర్త పుల్లన్న పక్కనే కూర్చుని బీడీ కాలుస్తున్నాడు.

"ఏం ఎతుకుతాండారప్పా? ఏమన్నా పోగొట్టుకున్న్యారా?" అని అడిగింది సుంకమ్మ.

"చెక్‌డ్యామమ్మా," అన్నాడు ప్రదీప్‌కుమార్.

"యా చెక్‌డ్యాము?"

"గవర్నమెంటుది. పోయినేడు ఈడ కట్టినారు."

సుంకమ్మ పుల్లన్న వైపు చూసింది. పుల్లన్న బీడీ తీసి పక్కన పెట్టాడు. ఇద్దరూ ఒక్కసారే నవ్వారు. "మాకు తెలీకుండా ఎప్పుడు కట్టిపోయినారు సారూ? కట్టినోళ్లకు మేం నీళ్లన్నా ఇచ్చేవాళ్లం కదా," అంది సుంకమ్మ.

అప్పుడు ప్రదీప్‌కుమార్ చేతిలోని తెర మీద నుంచి కళ్లెత్తి ఇసుకను చూశాడు. తర్వాత డి.ఇ.ని చూశాడు. తేజేశ్వర్ ఆకాశంలో ఉపగ్రహాలు లెక్కపెడుతున్నవాడిలా తల పైకెత్తి ఉన్నాడు. పొద్దుటి నుంచి తాను బాగుచేస్తూ వచ్చింది ఏమిటో ప్రదీప్‌కుమార్‌కు అప్పుడు అర్థమైంది. మిషను బాగయ్యే కొద్దీ డ్యాము మాయమవుతూ వచ్చింది.

ఉమామహేశ్వర ఆయన భుజం మీద చెయ్యేశాడు. గొంతులో తేనె.

"నువ్వు చదువుకున్నోనివి. నిజం చెప్పు. మిషను చెడిపోకుండానే తప్పు చూపించే దారే లేదా?"

అడక్కూడని మనిషిని అడక్కూడని ప్రశ్న అడిగాడు. తెలిసిన సంగతి అడిగితే చెప్పకుండా ఉండడం ప్రదీప్‌కుమార్ వల్ల కాలేదు. చెట్ల కింద సిగ్నలు చిక్కదని చెప్పాడు. కొండ పక్కన తప్పు చదువుతుందని చెప్పాడు. నడుస్తూ చూస్తే వెనకటి చోటు చూపిస్తుందని చెప్పాడు. చివరికి అన్నిటికంటే తనకు ఇష్టమైనది చెప్పాడు.

"ఇంకొకటి ఉండాది సార్. భూమి గుండ్రంగా ఉన్నా, దాని కొలత అందరూ ఒకేమాదిరి తీసుకోరు. మన దేశపు పాత మ్యాపులు తెల్లదొరల కాలం నాటి లెక్కతో గీసినవి. మిషను ఇప్పటి లెక్కతో చదువుతాది. లోపల ఆ లెక్క మార్చే చోటు ఒకటి ఉండాది. ఒకరు పాత లెక్కలో రాసి, ఇంకొకరు కొత్త లెక్కలో వెతికితే ఒకే నంబరుకు రెండు చోట్లు వస్తాయి."

"ఎంత తేడా వస్తాది?"

"మన పక్క దగ్గర దగ్గర ఒక ఫర్లాంగు."

"యా దిక్కుకు?"

"అసలు చోటు వాయవ్యంగా ఉంటాది."

ఉమామహేశ్వర వాయవ్యానికి తిరిగాడు. వంక ఎగువన, మలుపు దగ్గర, రాళ్లూ సిమెంటూ కలిపి కట్టిన ఒక కట్ట కనిపించింది. దాని వెనక, ఆ ఎండాకాలంలో కూడా మోకాటి లోతు నీళ్లు తళతళలాడుతున్నాయి. డి.ఇ. కళ్లు కూడా అట్లే తళతళలాడాయి.

"ఆడుండాది కదప్పా మన డ్యాము!"

సుంకమ్మ లేచి నిలబడింది. "యాడుండాది? అది మాది సారూ. పెద్ద కరువులో మా ఊరోళ్లమే కట్టుకున్న్యాం. రాళ్లు మేమే మోసినాం. సిమెంటుకు ఇంటికింత దుడ్లు ఏసుకున్న్యాం. నా ఎడమచేతి ఏలు ఆ రాయి కిందే నలిగింది, సూడు."

వేలు చూపించింది. డి.ఇ. మర్యాదగా ఆ వేలు చూశాడు. "నీ వేలు నిజమేనమ్మా. అయితే ఉపగ్రహం వేరే చెప్తాంది," అన్నాడు.

ప్రదీప్‌కుమార్ నోరు తెరిచాడు. "సార్, మనోళ్లు ఆ పాత లెక్కలో రాసినారని నేను చెప్పలేదు. అట్ల జరగొచ్చని..."

"జరగొచ్చా, లేదా?"

"జరగొచ్చు. కానీ లెక్కకట్టి చూస్తే ఆ కట్ట సరిగ్గా ఆ చోట కూడా రాదు. ఇంకొంచెం అవతల..."

"ఐదారు మీటర్లు తప్పొచ్చన్నావు. కొండ పక్కన తప్పొచ్చన్నావు. నడుస్తా చూస్తే ఎనకబడతాదన్నావు. అన్నీ నువ్వు చెప్పినవే కదప్పా. మిగిలింది వాటిల్లో సర్దుకుంటాది."

ప్రదీప్‌కుమార్ చెప్పిన ప్రతి లోపానికీ ఆ రోజు ఒక ఉద్యోగం దొరికింది.

తనిఖీ ఆఫీసరు మరుసటి వారం వచ్చాడు. ఎండకు బాగా అలసిపోయి ఉన్నాడు. వాయవ్యం వైపు తీసుకుపోయి కట్ట చూపించి, తెల్లదొరల లెక్క సంగతి చెప్పగానే ఆయన ముఖం వికసించింది. అంత శాస్త్రీయమైన వివరణ తనకు ఏ జిల్లాలోనూ దొరకలేదన్నాడు. సుంకమ్మ ఊరి ఆడవాళ్లను వెంటేసుకొచ్చి గట్టు మీద నుంచి అరిచింది. ఆమె ఏమంటోందని ఆఫీసరు అడిగితే, డ్యాము కట్టించినందుకు మొక్కుతాండారు సార్ అన్నాడు ఉమామహేశ్వర. ఆఫీసరు గట్టు వైపు తిరిగి చేతులు జోడించాడు.

నివేదిక చివర, మిషనులో ఏ లోపమూ లేదని, వాడకంలో తేడా మాత్రమే జరిగిందని రాశారు. ఉమామహేశ్వర సంతకం చేశాడు, ప్రదీప్‌కుమార్ సంతకం చేశాడు. మొదటి రోజు పొద్దున ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు ఆయన కోరుకున్నది ఆ ఒక్క వాక్యమే. అది దొరికింది. కట్ట మీద నీలం రంగు బోర్డు లేచింది. అందులో కట్టిన సంవత్సరం కూడా వేశారు, పోయినేడని.

ఇంటికొచ్చాక ప్రదీప్‌కుమార్ ఆ నివేదిక నకలు శ్రీవాసవికి చదివి వినిపించాడు. ఆమె మొత్తం విని, "మిషను మంచిదే. మరి దాన్ని పట్టుకున్నోళ్లు?" అంది. ఆయన ఆ రాత్రి అన్నం సగంలో లేచాడు. ఆమె మిగిలిన అన్నం మూత పెట్టింది గానీ బతిమాలలేదు.

మరుసటి జూన్‌లో వానలు పడ్డాయి. పడ్డాయంటే, పదేళ్ల బాకీ తీర్చినట్టు పడ్డాయి. కర్నూలులోనే వీధులు వాగులయ్యాయి. జువ్వివంక ఒడ్లు మింగి పారింది. రేగడిగుంతపల్లె వాళ్లు కట్టుకున్న కట్టకు నడుమ పెద్ద గండి పడింది. నీలం బోర్డు మాత్రం ఒడ్డున నిక్షేపంగా నిలిచింది. దాన్ని పాతేటప్పుడు సిమెంటు బాగా వేశారు.

వానలు తెరిపిచ్చాక ఒకరోజు సుంకమ్మ, పుల్లన్న కర్నూలు కొట్టుకు వచ్చారు. ప్రదీప్‌కుమార్ వాళ్లను గుర్తుపట్టి కౌంటర్ వెనక్కి జరిగాడు. తిట్టడానికే వచ్చారనుకున్నాడు. సుంకమ్మ ముందు మంచినీళ్లు అడిగి తాగింది.

"కట్ట తెగిపోయిందప్పా."

"అయ్యో."

"అయ్యో ఏంటికి? మాది తెగలేదు. గవర్నమెంటుది తెగింది. బోర్డుండాది కదా. బాగు చెయ్యమని పోతే ఆ డి.ఇ. సారు, అది మాది కాదు, మీ ఊరోళ్లు కట్టుకున్నెది, మీరే సూసుకోండి అంటాండాడు. సోమవారం కలెక్టరాఫీసులో అర్జీలు తీసుకుంటారంట. నువ్వు మిషను ఎత్తుకోని రా. ఆ పొద్దు సారోళ్లకు చెప్పినట్టే చెప్పు."

"అమ్మా, ఆ పొద్దు నేను..." అని ఆగిపోయాడు. గొంతు తగ్గించి అన్నాడు. "ఆ కట్ట మీదేనమ్మా. నాకు తెల్చు."

"నాకూ తెల్చులేప్పా," అంది సుంకమ్మ. "నీ యేలు నలగలేదు, నాది నలిగింది."

సోమవారం ప్రదీప్‌కుమార్ వెళ్లాడు. వెళ్లకూడదనే అనుకున్నాడు. పొద్దున శ్రీవాసవి ఏమీ అనకుండా ఆయన ఇస్త్రీ చొక్కా తీసి మంచం మీద పెట్టింది. అందుకని వెళ్లాడు.

హాలు నిండా జనం. వేదిక మీద కూర్చున్న పెద్దాఫీసరు అర్జీ చదివి, ఉమామహేశ్వరను లేపి, ఇది మీ డ్యామేనా అని అడిగాడు. ఉమామహేశ్వర చాలా వినయంగా, అప్పట్లో కొలతల్లో చిన్న పొరపాటు జరిగిందని, ఆ కట్ట ఊరివాళ్లదేనని, తమ డ్యాము వంక దిగువన వేరే చోట ఉండేదని, వరదలో అది ఆనవాలు లేకుండా పోయిందని చెప్పాడు. తర్వాత వెనక్కి తిరిగి ప్రదీప్‌కుమార్‌ను చూసి చెయ్యి ఊపాడు.

"మిషను అమ్మినాయన ఈడే ఉన్నాడు సార్. చెప్పప్పా ప్రదీపూ. అది నాసిరకం మిషనే కదా. తప్పులు చూపిస్తాండె కదా."

ఆయన ఇంకేమన్నా అని ఉంటే ప్రదీప్‌కుమార్ ఏమి చేసేవాడో చెప్పలేం. భయపడి కూర్చునేవాడేమో. 'నాసిరకం' అన్న మాట పడగానే మాత్రం ఆయన ముఖం ఎర్రబడింది. లేచి వేదిక దగ్గరికి నడిచాడు. నివేదిక నకలు పెద్దాఫీసరు ముందు పెట్టాడు.

"మిషన్లో ఏ లోపమూ లేదని ఈ సారే సంతకం చేసినారు సార్. ఆ కట్టే వాళ్ల డ్యామని రాసిందీ వాళ్లే. తనిఖీ ఆఫీసరు ఒప్పుకున్నారు. దీని మీదే పని పూర్తయినట్టు లెక్క తేల్చుకున్నారు. ఇప్పుడు మిషను తప్పంటే, ఆ సంతకం తప్పన్నా అయ్యుండాల, సారు తప్పన్నా అయ్యుండాల. మిషను మాత్రం తప్పు కాదు సార్."

హాల్లో ఎవరో నవ్వారు. పెద్దాఫీసరు నివేదిక చదివాడు. మళ్లీ ఒకసారి చదివాడు. ఉమామహేశ్వర మనసులో లెక్క వేసుకున్నాడు. ఆ కట్ట తమది కాదంటే కాగితాల మీద ఉన్న డ్యాము లేకుండా పోతుంది, దాని పేర తీసుకున్న డబ్బు సంగతి బయటపడుతుంది. తమదేనంటే బాగు చేయించాలి. రెండిట్లో ఏది చవకో ఆయనకు తెలియనిది కాదు.

"మా డ్యామే సార్," అన్నాడు చివరికి. "వెంటనే బాగు చేయిస్తాం."

మెట్లు దిగుతుంటే ప్రదీప్‌కుమార్‌కు గెలిచిన సంతోషం నాలుగు మెట్ల దాకానే నిలిచింది. ఐదో మెట్టు మీద ఆగిపోయాడు. కట్టని డ్యామును కట్టినట్టు ఆ రోజు రెండోసారి రుజువు చేసింది తానే. ఈసారి నిండు హాల్లో చేశాడు. ఇంక దాన్ని ఎవరూ కదిలించలేరు. ఆ మాటే సుంకమ్మతో అన్నాడు.

"వాళ్ల అబద్ధం మనమే గట్టి చేసినాం కదమ్మా."

"చేసినాం," అంది సుంకమ్మ. "మేం నిజం చెప్పినప్పుడు ఎవురన్నా ఇన్న్యారా? మొక్కుతాండారని చెప్పిరి. ఇప్పుడు వాళ్ల మాటే వాళ్లకు అప్పజెప్తిమి. అబద్ధం వాళ్లదే కానీ, వచ్చే సిమెంటు నిజమైందే కదప్పా."

పుల్లన్న అప్పటికే టీ కొట్టు వైపు నడుస్తున్నాడు.

ఉమామహేశ్వరకు ఏమీ కాలేదు. వరదలో దెబ్బతిన్న డ్యామును సకాలంలో బాగు చేయించాడని ఆయన పేరు పేపర్లో కూడా వచ్చింది. తేజేశ్వర్‌ను వేరే జిల్లాకు బదిలీ చేశారు, కొలతల్లో అజాగ్రత్త చూపినందుకు. ఆ ఆఫీసు తర్వాత కొన్న మిషన్లు ప్రదీప్‌కుమార్ కొట్లో కొనలేదు. ఆయన మిషన్లు మరీ కచ్చితంగా ఉంటాయని, ఆఫీసు పనికి అంత అవసరం లేదని గుమాస్తా ఎవరితోనో అన్నాడట. అది విని రామకోటయ్య, కొడుకు వ్యాపారంలో ఇన్నేళ్లకు దొరికిన మంచి పేరు అదేనని, దాంతో కొట్టు మూతపడుతుందని కూడా అన్నాడు.

మరమ్మతు జరిగేటప్పుడు ప్రదీప్‌కుమార్ ఒకరోజు రేగడిగుంతపల్లె వెళ్లాడు. ఎందుకు వచ్చాడని ఎవరూ అడగలేదు. గండి దగ్గర మేస్త్రీలు రాళ్లు పేరుస్తున్నారు. సుంకమ్మ కొంగు నడుముకు చుట్టి, తట్ట తట్టకూ సిమెంటు ఎంత కలుపుతున్నారో చూస్తోంది. కాంట్రాక్టరు మనిషి ఒకడు ఇసుక ఎక్కువ వేయబోతే, ఇది గవర్నమెంటు డ్యాము, నీ అబ్బ సొత్తు కాదని తిట్టింది. వాడు ఇంకో సంచి విప్పాడు. ప్రదీప్‌కుమార్ ఆ తిట్టు వినడానికి నాలుగడుగులు దగ్గరికి జరిగాడు.

"ఓయప్పా, ఆడ నిలబడొద్దు," అని అరిచింది సుంకమ్మ. "అది తడి సిమెంటు."

ఆయన గబగబా ఒడ్డు మీదికి ఎక్కి, కాళ్లకు అంటిన సిమెంటు తుడుచుకున్నాడు.